మేలైన దారే దగ్గరి దారి

కోపెన్‌హేగన్, ఉప్పుగాలి వీచే ఉత్తరపు రేవు పట్టణమా, నిన్ను నోరారా పొగడాలని ఉంది. నీ గోపురాల మీద రాగి పచ్చబడి మెరుస్తుంటుంది. ఆ అందానికి చిత్రకారులున్నారు. నేను పొగడదలచిన పచ్చదనం వేరు. అది ఆకుల్లో కంటే నీ తూముల్లో, గొట్టాల్లో, రైలు పట్టాల్లో ఎక్కువగా దాగి ఉంది. మంచి పని చేయడానికి మనిషి మహాత్ముడు కానక్కర్లేదు, ఆ పని చేతికందే దూరంలో ఉంటే చాలునని నువ్వు గ్రహించావు. అందుకే నీ వీధుల్లో మేలైన దారే దగ్గరి దారి. సభకు వచ్చినవాళ్లు, శిల్పాలు చూడవచ్చినవాళ్లు, రుచుల కోసం, కొనుగోళ్ల కోసం వచ్చినవాళ్లు, ఏ వ్రతమూ పట్టకుండానే ఉన్నన్ని రోజులూ పొదుపుగా, శుభ్రంగా, హాయిగా బతికి వెళ్తారు. ఆ మహిమ నీది.

విమానం దిగిన మనిషిని నువ్వు టాక్సీ కోసం వెతకనివ్వవు. సామాను తీసుకుని నాలుగడుగులు వేస్తే మెట్రో ఎదురొస్తుంది. డ్రైవరు లేని ఆ చిన్న రైలులో ముందు అద్దం దగ్గర పసిపిల్లలూ, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ప్రతినిధులూ ఒకే ఉత్సాహంతో నిలబడతారు. పావుగంటకల్లా ఊరి నడిబొడ్డు. 2002లో మొదలైన ఆ రైలు 2019లో 17 స్టేషన్ల వలయంగా నిన్ను చుట్టుకుంది. రాత్రనకా పగలనకా తిరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రి దిగినవాళ్లకూ ఇంకో దారి వెతుక్కునే అవసరం రాదు.

ఇక నీ సైకిళ్లు! ఉదయం ఎనిమిదింటికి రాణి లూయీస్ వంతెన మీద నిలబడితే తెలుస్తుంది నువ్వేమిటో. గొలుసుల సన్నని చప్పుడు, గంటల గలగల, వానకోటు మీద జారే చినుకులు. ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని తల్లి తొక్కుతుంది. వీపున వాయిద్యం కట్టుకుని విద్యార్థి, డ్యూటీ దిగిన నర్సు, కోర్టుకు వెళ్లే వకీలు, అందరూ ఒకే బాటలో సాగిపోతారు. ఆ బాటను రోడ్డు నుంచి వేరుచేసే గట్టు ఉంది. నోర్రెబ్రో వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే పచ్చలైటు తర్వాత పచ్చలైటు వచ్చేలా సిగ్నళ్లను సర్దావు. ఎర్రలైటు దగ్గర కాలు ఆనించుకోవడానికి కొన్నిచోట్ల చిన్న కమ్మీ పెట్టావు. మంచు కురిసిన రోజున ముందుగా సైకిల్ బాటలనే ఊడ్పిస్తావు. లోకల్ రైల్లో సైకిల్‌కు టికెట్ అడగవు. 2016 లెక్కల్లో నీ నడిబొడ్డుకు వచ్చే సైకిళ్లు కార్లను దాటేశాయి. ఎందుకు తొక్కుతున్నారని నీ వాళ్లను అడిగితే భూగోళాన్ని కాపాడటానికని చెప్పేవాళ్లు తక్కువ. త్వరగా చేరతాం కనుక, సులువు కనుక అంటారు. ఆ జవాబు కంటే నీకు గొప్ప బిరుదు లేదు.

ఇదంతా నీకు పుట్టుకతో అబ్బిన గుణమైతే ఇంతగా పొగడేదాన్ని కాను. ఒకప్పుడు నువ్వూ కార్ల కింద నలిగావు. రంగురంగుల ఇళ్ల ముందు ఇవాళ జనం కాళ్లు నీళ్లవైపు వేలాడేసి కూర్చునే న్యూహౌన్ గట్టు 1980 దాకా పార్కింగ్ స్థలం. ఊరి మధ్య బారుగా పరుచుకున్న సరస్సుల వెంట పెద్ద మోటారు రహదారి వేయాలని 1960లలో పటాలు గీశారు. 1962లో స్ట్రోయెట్ వీధిలో కార్లను ఆపినప్పుడు అంగళ్లు మూతబడతాయనీ, ఈ చలిలో వీధిలో కూర్చునేదెవరనీ వర్తకులు భయపడ్డారు. జనం కూర్చున్నారు. అంగళ్లు నిండాయి. యాన్ గేల్ అనే యువ వాస్తుశిల్పి ఆ వీధిలో మనుషులు ఎక్కడ నిలబడతారో, ఎంతసేపు ఆగుతారో, ఎటు తిరిగి కూర్చుంటారో ఓపికగా గమనించి రాసుకున్నాడు. 1971లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచంలోని ఎన్నో నగరాలకు పాఠమైంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆదివారాలు కార్లు కదలని రోజులయ్యాయి. ఖాళీ రోడ్ల మీద పిల్లలు ఆడుకున్నారు. పెద్దలు ఆ ఖాళీని మరిచిపోలేదు. ఆ దశాబ్దం చివర వేలమంది సైకిళ్లతో నగరసభ భవనం ముందు గుమిగూడి తమకూ దారి కావాలని అడిగారు. సరస్సుల వెంట రహదారి కాగితం మీదే ఆగిపోయింది. ఇవాళ ఆ గట్ల మీద సాయంత్రాలు పరుగెత్తేవాళ్లు, ప్రేమికులు, బాతులు. నీ పచ్చదనానికి తల్లి నీ పౌరుల పట్టుదల.

అంతకుముందే, 1947లో, నీ పెద్దలు నీ భవిష్యత్తును ఒక అరచేయిగా గీశారు. అరచేయి పాత నగరం. ఐదు వేళ్ల వెంట రైలు మార్గాలు, వాటి చుట్టూ ఇళ్లు. వేళ్ల సందుల్లో పొలాలు, అడవులు, చెరువులు అలాగే ఉండాలన్నారు. దశాబ్దాలు గడిచినా ఆ సందులు పూర్తిగా పూడిపోలేదు. ఊరి చివరికని రైలెక్కితే కాసేపట్లో చెట్ల కిందికి చేరుస్తావు.

నీ నీళ్లకు నమస్కారం. ఫ్యాక్టరీల వ్యర్థాలూ, వానపడినప్పుడల్లా పొంగిన మురుగూ కలిసి నీ రేవు దశాబ్దాల పాటు ఈతకు పనికిరాకుండా పోయింది. దాన్ని బాగుచేయడానికి నువ్వు నేల కింద పెద్ద పెద్ద తొట్లు కట్టావు. వాన మురుగు అక్కడ ఆగుతుంది. వాన తగ్గాక శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. ఎవరి కంటా పడని ఆ పని మీద ఏళ్ల తరబడి డబ్బు పోశావు. 2002లో ఇస్‌లాండ్స్ బ్రుగె దగ్గర ఊరి నడుమ రేవులోనే ఈతకొలను తెరిచావు. ఇప్పుడు వేసవి సాయంత్రం ఆఫీసు వదలగానే చెక్కమెట్ల మీద బట్టలు మడిచిపెట్టి జనం దూకుతారు. భోరున వాన పడి నీళ్లు చెడితే ఈత వద్దని వెంటనే చెబుతావు. పరదేశికి నువ్వు పడవ కూడా ఇస్తావు. తేలుతున్న చెత్తను ఏరి బకెట్లో వేసుకొస్తే ఆ కయాక్‌కు అద్దె ఉండదు. 2024 వేసవిలో ఈ మర్యాదను ఇంకా పెంచావు. రైల్లోనో సైకిల్ మీదనో వచ్చినవాళ్లకు, చెత్త ఏరినవాళ్లకు కొన్నిచోట్ల కాఫీ, కొన్నిచోట్ల మ్యూజియం ప్రవేశం బహుమతిగా ఇచ్చావు. వచ్చిన చుట్టాన్ని ఇంటి పనిలో కలుపుకోవడం కూడా ఒక ఆదరణేనని నాకు అప్పుడు తెలిసింది.

నీ సభామందిరాలకూ ఒక మాట. 2009 డిసెంబరులో ప్రపంచ దేశాల అధినేతలు బెల్లా సెంటర్‌లో కూడి భూతాపం గురించి రాత్రింబవళ్లు వాదించారు. లోకం ఎదురుచూసిన కట్టుబాటు రాలేదు. సభ ముగిసింది, కుర్చీలు సర్దేశారు, అధినేతలు వెళ్లిపోయారు. నువ్వు మాత్రం ఎక్కడికి వెళ్తావు? మూడేళ్లు తిరక్కముందే, 2012లో, నీ సొంత వాతావరణ ప్రణాళిక ఆమోదించుకున్నావు. దేశాలు చేయలేని పని ఊళ్లు మొదలుపెట్టవచ్చని చూపావు. ఇవాళ నీ దగ్గర సభ జరిగితే ప్రతినిధి బస నుంచి మెట్రోలో వస్తాడు. బల్ల మీద గాజు కూజాలో నీళ్లుంటాయి. భూగర్భం నుంచి తోడిన ఆ నీరు మామూలుగా క్లోరిన్ కూడా అక్కర్లేనంత శుభ్రం. కుళాయి తిప్పి తాగడమే. ఉత్తరపు రేవు దగ్గర ఎనిమిది కోణాల నక్షత్రంలా వెలిసిన ఐక్యరాజ్యసమితి భవనం 2013లో తెరుచుకుంది. దాన్ని సముద్రపు నీరే చల్లబరుస్తుంది. కప్పు మీద 1,400కు పైగా సౌరఫలకాలు ఎండను పోగుచేస్తాయి. మరుగుదొడ్లకు వాననీరు వాడతారు. లోపల ఏ తీర్మానం చేసినా గోడలు ముందే దాన్ని ఆచరిస్తున్నాయి.

నీ నిప్పుకు, నీ గాలికి దండం. చలికాలంలో నీ ఇళ్లలో విడివిడిగా పొయ్యిలు రగలవు. నేల కింద గొట్టాల్లో వేడినీరు పారుతూ దాదాపు ప్రతి ఇంటి గదినీ వెచ్చబరుస్తుంది. ఊరంతటికీ ఒకే వంటపొయ్యి ఉన్నట్టు. నీ మధ్యలోనే సొంత పురపాలికగా ఉన్న ఫ్రెడెరిక్స్‌బర్గ్‌లో 1903లోనే చెత్త కాల్చి ఆ వేడిని ఆసుపత్రికి పంపారు. ఆ ఆలోచనకు మనవడు అమాగర్ దీవి మీది చెత్త కర్మాగారపు కొండ. బ్యార్కే ఇంగెల్స్ వాస్తుశిల్పుల బృందం గీసిన ఆ కర్మాగారం ఏటా లక్షల టన్నుల చెత్తను మండించి కరెంటునూ వేడినీ ఇస్తుంది. 85 మీటర్ల ఎత్తున్న దాని వాలు కప్పు మీద 2019 నుంచి జనం స్కీయింగ్ చేస్తున్నారు, పొదల మధ్య నడుస్తున్నారు, గోడ పట్టుకుని పైకి ఎక్కుతున్నారు. కొండల్లేని దేశానికి చెత్త మీద కొండ కట్టిచ్చావు. ఆ శిఖరం నుంచి సముద్రంవైపు చూస్తే తెల్లని గాలిమరలు వంపుగా బారుతీరి కనిపిస్తాయి. మిడిల్‌గ్రుండెన్‌లో 20 గాలిమరలు 2000లో నిలిచాయి. ఆనాటికి సముద్రంలో అంత పెద్ద గాలిమరల క్షేత్రం ప్రపంచంలో మరొకటి లేదు. అందులో సగం ఎనిమిది వేలకు పైగా మామూలు మనుషుల సహకార సంఘానిది. సొంత వాటా ఉన్న గాలి వీస్తే ఎవరికి కోపం వస్తుంది?

నీ వంటింటికి వస్తాను. నల్లగా, బరువుగా, పులుపు వాసనతో ఉండే రై రొట్టె మీద వెన్న రాసి, ఆ పైన హెర్రింగ్ చేప, ఉడికించిన గుడ్డు, చిన్న రొయ్యలు, సోయికూర పేర్చి ఇస్తావు. మాంసం ముట్టనివాళ్లకు ఉడికించిన బంగాళదుంప ముక్కలూ ఉల్లికాడలూ పేర్చిన రొట్టె ఉంది. నీ వాళ్లకు అది అచ్చమైన మధ్యాహ్న భోజనం. 2003లో నీ రేవు గోదాములో నోమా భోజనశాల తలుపులు తెరిచింది. మరుసటి ఏడాది ఉత్తరదేశాల వంటవాళ్లు ఒకచోట చేరి, తమ నేలలో తమ రుతువులో దొరికేదే వండుతామని మాటిచ్చుకున్నారు. అప్పటిదాకా దూరదేశాల రుచులకు ఎదురుచూసిన పళ్లెంలోకి అడవి మూలికలు, సముద్రపు నాచు, గడ్డకట్టే నేలలో తీపెక్కిన దుంపలు వచ్చాయి. మూడు మిషెలిన్ నక్షత్రాలున్న జెరానియం 2022లో మాంసాన్నే పక్కన పెట్టింది. అవి గొప్ప భోజనశాలలు, అందరికీ అందవు. నాకు అంతకంటే ముచ్చటైనవి నీ అంగన్‌వాడీల, వృద్ధాశ్రమాల వంటశాలలు. అక్కడి దినుసుల్లో నూటికి 90 పాళ్లు సేంద్రియం కావాలని పంతం పట్టి దాదాపు సాధించావు. అందుకోసం వంటవాళ్లకు మళ్లీ శిక్షణ ఇచ్చావు. మాంసం తగ్గించి, కాయగూరలు పెంచి, వృథా ఆపితే ఆ మిగులే సేంద్రియానికి సరిపోతుందని వాళ్లు గరిటె పట్టి నిరూపించారు. నోర్రెపోర్ట్ దగ్గర టోర్వెహాలెర్నె గాజు మండపాల్లో 2011 నుంచి చేపలు, జున్ను, తేనె, రొట్టెలు ఒకే కప్పు కింద అమ్ముతున్నారు. సాయంత్రం కట్టేసే వేళ బేకరీలో మిగిలిన రొట్టెలను తక్కువ ధరకు సంచిలో వేసిచ్చే టూ గుడ్ టు గో యాప్ నీ ఒడిలోనే పుట్టింది. తేదీ దాటిన, పెట్టె సొట్టపడిన తినుబండారాలకే 2016లో ఒక కొట్టు తెరిచారు. అన్నం పరబ్రహ్మమని నమ్మే నేల మీంచి వచ్చినవాళ్లకు ఆ కొట్టు కూడా గుడే.

నీ కళలను ఎక్కడని మొదలుపెట్టను? పాతకాలపు కోటగోడలు నీకు అక్కర్లేకపోయినప్పుడు వాటి చోట ఉద్యానాల వలయం అల్లుకున్నావు. వృక్షోద్యానం, ఊర్‌స్టెడ్ పార్కు, 1843లో వెలిసిన టివోలి వినోదవనం అన్నీ ఆ వలయంలోనివే. టివోలిలో పడవలు తిరిగే కొలను ఒకప్పటి అగడ్త. శత్రువును ఆపడానికి తవ్విన నీటిలో దీపాలు తేలుతున్నాయి. గ్లిప్టోటెక్ గాజు కప్పు కింద తాటిచెట్ల తోట చుట్టూ పాలరాతి మనుషులు నిలబడి ఉంటారు. బయట మంచు కురుస్తున్నా ఆ తోటలో కాఫీ తాగవచ్చు. రేవు అంచున రాజ గ్రంథాలయం నల్లరాతి అద్దంలో సముద్రం రోజంతా ముఖం చూసుకుంటుంది. 2005లో తెరుచుకున్న ఒపేరా పక్కన 2023లో ఒక దీవి నిండా తోట వేసి అందరికీ తెరిచారు. జూలైలో జాజ్ ఉత్సవం వస్తే ప్రతి కూడలీ వేదికే. అన్నిటికంటే నా మనసును పట్టుకున్నది అసిస్టెన్స్ శ్మశానం. పిల్లలకు కథలు చెప్పిన ఆండర్సన్, మనిషి ఆందోళనను శోధించిన కియెర్కెగార్డ్, పరమాణువు గుట్టు విప్పిన నీల్స్ బోర్ ఆ చెట్ల కింద నిద్రపోతున్నారు. వాళ్ల పక్కనే తల్లులు బిడ్డల బళ్లు తోసుకుంటూ వెళ్తారు, కుర్రాళ్లు గడ్డి మీద పుస్తకం చదువుకుంటారు. చనిపోయినవాళ్లను వెలివేయని ఊరు బతికినవాళ్లకు నీడ ఇవ్వకుండా ఉంటుందా?

నీ అంగళ్ల వీధిలో కొనాలనే ఆశ కూడా మర్యాద నేర్చుకుంటుంది. 1775లో మొదలైన నీ పింగాణీ కార్ఖానా పేరున్న తెల్లని పళ్లెం మీద ఇప్పటికీ నీలిపూలను చేత్తో గీస్తారు. జాలీ అంచున్న ఒక్క పళ్లేనికి వెయ్యికి పైగా కుంచె గీతలు పడతాయి. అలాంటి పళ్లేన్ని ఎవరూ ఏడాదికొకసారి మార్చరు. కూతురికి ఇస్తారు, మనవరాలికి ఇస్తారు. హాన్స్ వెగ్నర్ రూపుదిద్దిన కుర్చీ, పౌల్ హెన్నింగ్‌సెన్ దీపం నీ ఇళ్లలో మూడు తరాలను చూశాయి. బాగా చేసిన వస్తువు అడవికి చేసే మేలు ఎంతో నీ వడ్రంగులకు తెలుసు. పాత బట్టలు, పాత సామాను అమ్మే కొట్లలోకి వెళ్లడం నీ దగ్గర చిన్నతనం కాదు. నోర్రెబ్రోలో అలాంటి వీధులే ఉన్నాయి, వేసవిలో ఆరుబయట సంతలూ ఉన్నాయి. ఖాళీ సీసా తిరిగిస్తే కట్టిన డిపాజిట్ ఒకటి నుంచి మూడు క్రోనర్ల దాకా వెనక్కి వస్తుంది. ఆ చిల్లర అక్కర్లేనివాళ్లు సీసాను చెత్తబుట్ట పక్కన అమర్చిన అరలో పెట్టి వెళ్తారు. దాంతో బతికే పేదవాడు చెత్తలో చెయ్యి పెట్టే బాధ లేకుండా దాన్ని తీసుకుంటాడు. ఒక ఇనుప అర ఇంత దయను మోయగలదని నీ వీధిలోనే చూశాను.

నీకు దెబ్బలు తగల్లేదని అనను. 2011 జూలై 2న ఆకాశం చిల్లుపడ్డట్టు రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల వరకు వాన కుమ్మరించింది. రోడ్లు ఏరులయ్యాయి, నేలమాళిగలు మునిగాయి, వందల కోట్ల క్రోనర్ల నష్టం వచ్చింది. మరుసటి ఏడాదే కుంభవృష్టి ప్రణాళిక రాసుకున్నావు. మరింత లావు గొట్టాలు పాతితే చాలదనుకుని వాననీటికి నేల మీదే చోటు చూపించావు. ఓస్టర్‌బ్రోలో టోసింగె కూడలిలో తారు తవ్వి పచ్చిక వాలు వేశావు. ఎంగ్‌హేవె పార్కును పల్లం చేసి 22 వేల ఘనపు మీటర్లకు పైగా నీరు నిలిచేలా మలిచావు. ఎండ ఉన్నన్నాళ్లూ అది పిల్లల ఆటస్థలం, కుంభవృష్టి రోజున చెరువు. ఇది విన్నప్పుడు హైదరాబాదు మనిషిగా నా గుండె కలుక్కుమంది. 1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని మింగితే ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఊరికి ఎగువనే ఆనకట్టలు వేయాలని చెప్పారు. గండిపేట దగ్గరి ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపిన చెరువులే ఊరికి తాగునీరు ఇచ్చాయి, గండిపేట కట్ట మీద సాయంత్రాలు ఇచ్చాయి. నీటికి చోటిస్తే నీరు మనకు చోటిస్తుందన్న జ్ఞానం మా పెద్దలకూ ఉంది. ఆ జ్ఞానం నీలో ఇంకా ఉద్యోగంలో ఉంది, అదే నీ భాగ్యం.

నీ మాట తప్పిన సంగతీ దాచను. 2025కల్లా కర్బన ఉద్గారాల లెక్క సున్నాకు తెస్తానని లోకానికి చెప్పావు. చెత్త కాల్చే చోట కర్బనాన్ని పట్టి నిల్వచేయడానికి అనుకున్న నిధి రాకపోయేసరికి, గడువుకు చేరలేనని 2022లోనే ఒప్పుకున్నావు. అప్పటికే 2005 నాటి ఉద్గారాల్లో చాలావరకు తగ్గించిన నగరం ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. నీ కొండ కడుపులో ప్లాస్టిక్ మండుతున్నంతకాలం పొగలో కర్బనం ఉంటుంది. నీ దగ్గరికి విమానంలో వచ్చే ప్రతి అతిథి వెంటా అది వస్తుంది. సభకని ఎగిరొచ్చిన మాకు దీనికి బాధ్యత ఉంది. వచ్చినవాళ్లం రెండు పనులు కలుపుకుని రావాలి, ఉన్నన్నాళ్లు నిన్ను కాళ్లతో, పెడళ్లతో చూడాలి, నేర్చుకున్నదాన్ని ఇంటికి మోయాలి. అప్పుడే ఆ ప్రయాణానికి న్యాయం.

ఒక కోరిక కోరుకుంటాను, నగరమా. మా ఊళ్ల నుంచి మేయర్లు, ఇంజినీర్లు, అధికారులు నీ సభలకు వస్తుంటారు. జలకన్య విగ్రహం దగ్గర ఫొటో దిగడానికి తొందరపడతారు. వాళ్లను ముందు నీ రేవు కింది మురుగు తొట్ల దగ్గరికి తీసుకెళ్లు. ఏ తూముకు ఎంత ఖర్చయిందో, ఎన్నేళ్లు పట్టిందో, పార్కింగ్ పోతుందని ఎవరు కేకలేశారో, అయినా ఎవరు పట్టు వదల్లేదో లెక్కలతో సహా వాళ్ల ముందు పెట్టు. వాళ్లు మొహమాటపడి అడగకపోయినా చెప్పు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని వాళ్లు తిరుగు ప్రయాణమయ్యే రోజున మూసీ ఒడ్డున, బందరు కాలువ గట్టున, విశాఖ తీరాన ఉన్న మా జనం వాళ్లను స్టేషన్‌లోనే ఆపి అడుగుతారు: పని ఎప్పుడు మొదలు?